పేరు లేని ప్రసాదం

ఆగస్టు పదకొండు, సోమవారం. ఆ మధ్యాహ్నం నేను వండుకున్నది దోసకాయ పప్పు, వేయించుకున్నవి గుమ్మడి వడియాలు. రెండో ముద్ద దగ్గర ఫోన్ మోగింది. ఆ పప్పుని మళ్లీ ముట్టుకున్నది మర్నాడు పొద్దునే కాబట్టి తేదీ మరిచిపోలేదు.

"డిటెక్టివ్ కామేశం గారేనా అండీ? మా హాస్టల్ వార్డెన్ గారు మీ నంబరు ఇచ్చారు. నా పేరు మృదుల. మా ఇంటికి ప్రసాదం వచ్చిందండీ."

"మంచిదేగా అమ్మా."

"రాకూడని రోజున వచ్చిందండీ."

గొంతు వణకడం లేదు. వణక్కుండా పట్టుకున్న గొంతు. నేను ఈ పనిలోకి రాకముందు పోస్టల్ శాఖలో ఫిర్యాదుల ఇన్‌స్పెక్టరుగా చేశాను. ఉత్తరం రాలేదని ఏడ్చినవాళ్లను ఎంతోమందిని చూశాను. వచ్చిందని భయపడేవాళ్లు ఫోన్ చేస్తే మాత్రం కూర్చుని అన్నం తినలేను. చెయ్యి కడుక్కుని వట్లూరు బయల్దేరాను.

మేడమీద రెండు గదుల వాటా. పట్టపగలు కర్టెన్లు దించి ఉన్నాయి. ఏడేళ్ల పాప నేలమీద పడుకుని ఏనుగుకి ఆకుపచ్చ రంగు వేస్తోంది. పక్కనే ఆయాసానికి వాడే నెబ్యులైజరు. తల్లి కాలేజీ హాస్టల్ ఆఫీసులో పనిచేస్తుంది. ఎడమ మణికట్టు కొద్దిగా పక్కకి తిరిగి అతుక్కుంది. నేను దాన్ని చూడటం గమనించి ఆమే చెప్పింది.

"నా అసలు పేరు నాగవల్లి అండీ. ఈ చెయ్యి మా ఆయన విరిచిందే. రెండేళ్ల కిందట పాపని తీసుకుని రాజమండ్రి నుంచి వచ్చేశాను. మా దగ్గరికి రాకూడదని, మమ్మల్ని వెతికించకూడదని కోర్టు ఆర్డరు ఇచ్చింది. ఆయన వింటాడని నాకు నమ్మకం లేదు. అందుకే పేరు మార్చుకున్నాను, ఫోన్ మార్చుకున్నాను. మా పాప మనస్వికి కూడా స్కూల్లో వేరే పేరే."

భర్త పేరు వంశీకృష్ణ అని చెప్పేటప్పుడు మాత్రం పాప వైపు చూసి గొంతు తగ్గించింది.

"ప్రసాదం సంగతి చెప్పమ్మా."

"పాప జన్మనక్షత్రానికి నెలనెలా ఏలూరులో ఒక గుళ్లో అర్చన చేయించి ప్రసాదం పోస్టులో పంపుతారండీ. పాపది రేవతి. అది గురువారం. ఇవాళ సోమవారం. నక్షత్రం రాకుండా ప్రసాదం ఎలా వస్తుంది? పైగా తెచ్చిన మనిషి ప్రూఫ్ కావాలని గుమ్మంలో నా ఫోటో తీసుకున్నాడు."

కిందటి నెల కవరు ఉందా అని అడిగాను. ఉంది. దేవుడి బొమ్మ ఉన్న కవరు చెత్తలో వేయడానికి ఎవరికి చేతులొస్తాయి? రెండూ కిటికీ దగ్గర పక్కపక్కన పెట్టాను.

పాత కవరు మీద ఏలూరు పోస్టాఫీసు ముద్ర ఉంది. కొత్తదాని మీద ఏ ముద్రా లేదు. రెండు లేబుళ్ల మీదా మూడో వరుసకి అడ్డంగా వెంట్రుకంత తెల్లగీత ఉంది. ప్రింటరు తలలో ఎక్కడో లోపం. అంటే రెండూ ఒకే మిషన్ మీద అచ్చయ్యాయి. పాతదాని మీద మృదుల, కౌండిన్యస గోత్రం, పుష్యమి, కూతురు రేవతి అని ఉంది. కొత్తదాని మీద గోత్రం ఉంది, రెండు నక్షత్రాలూ ఉన్నాయి, చిరునామా సరిగ్గా ఉంది. పేరు లేదు.

"పంపినవాడికి నీ కొత్త పేరు తెలియదమ్మా. తెలిస్తే వేసేవాడు."

"పేరు తెలియకుండా ఇల్లెలా తెలుస్తుందండీ?"

"పేరు మార్చావు, ఫోన్ మార్చావు. గోత్రం మార్చావా?"

ఆమె తల దించుకుంది.

"దేవుడి దగ్గర కూడా అబద్ధం చెప్పమంటారా అండీ? చెప్తే ఆ పూజ ఎవరికి చేరుతుంది? నా మటుకు నాకు వాళ్ల గోత్రం అక్కర్లేదు. కానీ పాపది అదే కదా. దాని ఆయాసం తగ్గాలని కదా చేయిస్తున్నాను."

ఒక చిన్న సంచి సర్దుకుని ఉండమని, తలుపు గడియ వేసుకోమని చెప్పి కిందికి దిగాను. మెట్ల మీద నుంచే ఎస్సై నాగదుర్గకి ఫోన్ చేశాను. ఆవిడ కోర్టు ఆర్డరు నంబరు తప్ప ఇంకేమీ అడగలేదు. అలాంటి పోలీసులు దొరకడం అదృష్టం.

అర్చకులు శ్రీరంగనాయకులు గారిల్లు పవర్‌పేటలో. ఆయనకి చూపు మందగించింది గానీ చెవి బాగా పనిచేస్తుంది. నేను కవర్లు ముందు పెట్టి విషయం చెబుతుంటే ఆయన వేలితో లేబులు తడుముతూ కూర్చున్నారు.

"ఈ వివరాలన్నీ మీరు ఎవరికి ఇస్తారండీ?"

"తాడేపల్లిగూడెంలో గిరిధర్ అని ఉన్నాడు నాయనా. ప్యాకింగ్ యూనిట్. నెలకి నాలుగు వేల కవర్లు మేమెక్కడ కట్టగలం? ఫైలు పంపితే లేబుళ్లు అంటించి తెస్తాడు."

"కవరు పోస్టులో వెళ్లడానికి పేరు, చిరునామా చాలు కదా. గోత్రం, నక్షత్రం ఎందుకిచ్చారు?"

"కవర్లన్నీ స్వామి ముందు పేర్చి, లేబుళ్లు ఒకరు చూసి అందిస్తుంటే ఒక్కొక్కరి గోత్రనామాలు చదువుతాను. చదవకపోతే అందులో ఉన్నది పటికబెల్లమే గానీ ప్రసాదం కాదు."

"కోరిక కూడా ఉందా ఆ ఫైల్లో?"

"సంకల్పం లేబుల్ మీద వేయించం. కానీ మనిషి, గోత్రం, నక్షత్రం, సంకల్పం అంతా ఒకే వరస కదా. అందులో ముక్క కోసి పంపడానికి మనసొప్పలేదు."

అంటే నాలుగు వేల ఇళ్ల జబ్బులు, కేసులు, పుట్టని పిల్లలు, తాగుడు మానని కొడుకులు అన్నీ గూడెంలో ఒక కంప్యూటర్లో ఉన్నాయన్నమాట.

"ఇది ఇంకెవరికీ ఇవ్వకూడదని గిరిధర్ చేత ఏమైనా రాయించుకున్నారా?"

"కవర్లు తెచ్చి స్వామి కళ్లముందే దించుతాడు. ఇంకేం రాయించుకుంటాం నాయనా?" అని ఆగారు. తర్వాత నెమ్మదిగా అన్నారు. "వాళ్లు నా చెవిలో చెప్పారు. నేను స్వామికి చెప్పాననుకున్నాను."

"మధ్యలో గూడెం ఉందండీ," అన్నాను.

అనకుండా ఉండాల్సింది. ఆయన ముఖం వాడిపోయింది. ఆయన భార్య నాగమల్లేశ్వరి గారు మజ్జిగ గ్లాసు నా చేతికిస్తూ, "అన్నయ్యగారూ, ఆ తల్లీబిడ్డా అక్కడ ఒక్కళ్లే ఎందుకూ? మా ఇంటికి పంపెయ్యండి. పిల్ల చారన్నం తింటుందా?" అని అడిగారు. నేను ఆ ఇంటికి వచ్చింది తప్పు వెతకడానికి. ఆవిడ అప్పుడే పక్క వేయడానికి చోటు చూస్తున్నారు.

ఉల్లిపాయల మార్కెట్ వెనక గిరిధర్ యూనిట్‌కి చేరేసరికి నాలుగు దాటింది. లోపల కుర్చీలో వెనక్కి వాలి పకోడీలు తింటున్నవాణ్ణి చూసి నా కాలు గుమ్మంలోనే ఆగింది. ఫణికిరణ్. గూడెంలో డిటెక్టివ్ ఏజెన్సీ పెట్టి మూడేళ్లయింది. నా దగ్గరికి రావలసిన కేసుల్లో సగం ఇప్పుడు అతని దగ్గరికే పోతున్నాయి.

"రండి రండి, పోస్టు కామేశం గారూ. ఇంకా కవర్ల మీద స్టాంపులే వెతుకుతున్నారా?"

"స్టాంపు లేని కవరు దొరికిందయ్యా. అందుకే వచ్చాను."

గిరిధర్ నలభై దాటిన మనిషి, నుదుట బొట్టు, మాట మెత్తన. నేను కొత్త కవరు బల్లమీద పెట్టి, పక్కన రోలు నుంచి వేలాడుతున్న లేబులు ఒకటి చించి దాని పక్కన పెట్టాను. తెల్లగీతలు రెండూ ఒకే ఎత్తున ఉన్నాయి.

"ఇది మీ ప్రింటరు మీదే అచ్చయింది. గుడివాళ్లు అడక్కుండా. ఎవరు వేశారు?"

గిరిధర్ ఫణికిరణ్ వైపు చూశాడు. ఫణికిరణ్ పకోడీ ప్లేటు పక్కన పెట్టాడు.

"నేనే వేశాను. అందులో దాచేదేముంది? శుక్రవారం రెండు లేబుళ్లు వేసుకున్నాను. గిరిధర్ నా స్నేహితుడు."

"దేనికని నేను అడగలేదండీ," అన్నాడు గిరిధర్. "ఫైలు కూడా పేర్లు, ఫోన్ నంబర్లు తీసేసే ఇచ్చాను. జాతకాలవాళ్లకీ, రంగురాళ్లవాళ్లకీ కూడా అలాగే ఇస్తాం. పేరు లేనప్పుడు అది ఎవరిదండీ? ఎవరిదీ కాదు."

"ఎవరిదీ కాకపోతే ఫణికిరణ్‌కి ఎలా పనికొచ్చింది?"

ఫణికిరణ్ నవ్వాడు. తెలివికి మెచ్చుకోలు దొరుకుతుందన్న నవ్వు. "అక్కడే ఉంది సార్ పని. నా క్లయింటుకి భార్య పేరు అక్కర్లేదు, మార్చుకుని ఉంటుందని ఆయనకి తెలుసు. పాప నక్షత్రానికి పూజ మాత్రం మానదని కూడా తెలుసు. అందుకే గుళ్లకి ప్యాకింగ్ చేసేవాళ్ల దగ్గర మొదలెట్టాను. గోత్రం, తల్లి నక్షత్రం, బిడ్డ నక్షత్రం. మూడూ కలిసినవి ఫైలు మొత్తంలో రెండే. ఒకటి కలిదిండి, ఒకటి వట్లూరు. రెండింటికీ మనిషినిచ్చి టెస్ట్ ప్యాకెట్ పంపి, తీసుకున్నవాళ్ల ఫోటో తీయించాను. కలిదిండిలో ఆవిడకి డెబ్భై ఏళ్లు. మిగిలింది ఒక్కటే. మీరైతే ఆర్నెల్లు తిరిగేవారు."

"నీ క్లయింటు నీకేం చెప్పాడు?"

"క్లయింట్ల సంగతులు నేను ఎవరికీ చెప్పను. గిరిధర్‌కి కూడా ఒక్క ముక్క చెప్పలేదు." కొంచెం ఆగి, "బిడ్డని ఎత్తుకుపోయిన కేసు. అంతవరకే," అన్నాడు.

నేను ఫోన్ తీసి, నాగవల్లి పంపిన రెండు ఫోటోలు చూపించాను. ఒకటి కోర్టు ఆర్డరు. రెండోది మణికట్టు ఎక్స్‌రే. అతను రెండో ఫోటోని పెద్దది చేసి చాలాసేపు చూశాడు. చెవులు ఎర్రబడ్డాయి.

"నాకు కన్నీళ్లు పెట్టుకుని చెప్పాడు సార్."

"పెట్టుకునే ఉంటాడు. అడ్రసు ఇచ్చేశావా?"

"ఒంటిగంటకి ఫోటోతో సహా పంపాను." అప్పటికే నంబరు నొక్కుతున్నాడు. "స్విచాఫ్."

గిరిధర్ ఫ్యాను వైపు చూస్తూ అన్నాడు. "ఎంత కోపిష్టి అయినా, ఏడేళ్ల పిల్లకి తండ్రి కూడా కావాలి కదండీ."

ఆ మాటకి నాకు ఒళ్లు మండింది. మంట వల్ల అందులో ఉన్నది వినిపించలేదు. అది నాకు ఇంకో మూడు గంటల తర్వాత వినిపించింది.

బయటికొచ్చి, లారీల చప్పుడు మధ్య నిలబడి నాగవల్లికి ఫోన్ చేశాను. ఎస్సై గారి జీపు వస్తుందని, పాపనీ నెబ్యులైజరునీ తీసుకుని అర్చకులుగారింటికి వెళ్లిపొమ్మని చెప్పాను. ఆ సంగతి లోపలివాళ్లిద్దరికీ చెప్పలేదు. నా వెనకాలే వచ్చిన ఫణికిరణ్ కూడా అడగలేదు.

"నేను వట్లూరు వెళ్లి ఆ గేటు దగ్గర నిలబడతాను సార్. వాడి ముఖం నాకు తెలుసు. శుక్రవారం ఇక్కడే అరగంట కూర్చుని వెళ్లాడు," అని హెల్మెట్ తీసుకున్నాడు. మనతో పోటీపడే మనిషి మన పని మీద మనకంటే ముందు పరుగెత్తడం నేను అంతకు ముందు చూడలేదు.

ఏడింటికి పవర్‌పేట చేరాను. పాప వంటింట్లో చారన్నం తింటోంది. తిన్నంతసేపూ నాగమల్లేశ్వరి గారు దాని వీపు మీద చెయ్యి తీయలేదు. నాగవల్లి నన్ను చూసి మొదటిసారి చిన్నగా నవ్వింది. జీపు వాళ్లని దింపి, వట్లూరులో కాపు కాయడానికి వెళ్లిపోయింది. వంశీకృష్ణ వస్తే అక్కడికే వస్తాడని మా అందరి లెక్క.

కుర్చీలో కూర్చున్నానో లేదో, వీధి తలుపు కొట్టారు.

శ్రీరంగనాయకులు గారే తీశారు. అరుగు మీద ఒక మనిషి. ఇస్త్రీ చొక్కా, చేతిలో చాక్లెట్ల డబ్బా. రెండు చేతులూ జోడించి దండం పెట్టాడు.

"అయ్యగారూ, నా భార్యా కూతురూ మీ ఇంట్లో ఉన్నారు. తీసుకెళ్లడానికి వచ్చాను."

ఉన్నారేమో అనలేదు. ఉన్నారు అన్నాడు. లోపల కంచం మీద చెయ్యి ఆగిన చప్పుడు నాకు వినిపించింది. నేను ఫోన్ వీపు వెనక పెట్టుకుని నాగదుర్గకి రింగిచ్చి, నడవాకి అడ్డంగా నిలబడ్డాను. అరవై దాటిన నేను ఆ మనిషిని ఎంతసేపు ఆపగలనో నాకు తెలుసు, అతనికీ తెలుసు.

అర్చకులుగారు మాత్రం కంగారు పడలేదు. "కూర్చో నాయనా. గుమ్మంలోకి వచ్చినవాడివి. బిడ్డ పేరున సంకల్పం చెప్పుకుని మాట్లాడుకుందాం. గోత్రం?"

"అవన్నీ తర్వాతండీ."

"తర్వాత ఏముంది? గోత్రం చెప్పు."

"కౌండిన్యస," అన్నాడు అతను. కూర్చున్నాడు కూడా. చిన్నప్పటి నుంచి అలవాటైన మోకాళ్లు వాటంతట అవే మడతపడ్డాయి.

నేను చాలా సంకల్పాలు విన్నాను. అంత నిదానమైనది వినలేదు. ఆయన కాలాన్ని మొదటి నుంచి మొదలుపెట్టి, దేశాన్ని, నదుల్ని, సంవత్సరాన్ని, మాసాన్ని, తిథిని ఒక్కొక్కటీ ఆగి, సర్దుకుని చెప్పారు. అతను రెండుసార్లు లేవబోయాడు. రెండుసార్లూ ఆయన కళ్లు తెరవకుండానే చెయ్యి ఎత్తారు. మధ్యలో లేస్తే దోషమని అతనికి ఎవరూ చెప్పనక్కర్లేదు.

"కోరిక ఏమిటి నాయనా?"

"వాళ్లు నా ఇంటికి రావాలి. నేను రమ్మన్నప్పుడు రావాలి. అంతే."

ఆయన కళ్లు తెరిచారు. "ఈ మాట నేను చేరవెయ్యను. ఇన్నాళ్లూ ఎవరు ఏం చెప్పినా ముందుకి పంపేశాను. ఇది నా దగ్గరే ఆగిపోతుంది."

అతను లేచాడు. చాక్లెట్ల డబ్బా కిందపడింది. నా భుజం మీద అతని చెయ్యి పడేసరికి సందు మొదట్లో జీపు లైట్లు కనిపించాయి. నాగదుర్గ వెనక ఫణికిరణ్ బండి కూడా ఉంది. ఆవిడ ఆర్డరు కాపీ అతని ముందు పట్టుకుని, "చదువుకున్నవాళ్లేగా, నడవండి," అంది. అంతకు మించి గొడవేం జరగలేదు.

జీపు ఎక్కబోతూ అతను నా వైపు తిరిగాడు.

"పోస్టల్ వాళ్లటగా మీరు? మీకంటే ముందు నాకే చేరుతోంది టపా. ఇంకో ఇల్లు మార్చి చూడండి."

ఫణికిరణ్ తెల్లబోయాడు. "నేను చెప్పలేదు సార్. ఈ ఇల్లు నాకు తెలియనే తెలియదు. ఎస్సైగారి వెనక వచ్చాను."

అతను చెప్పింది నిజం. ఈ ఇంటి సంగతి తెలిసినది నాకు, నాగదుర్గకి, ఈ ఇంట్లోవాళ్లకి. నేను లోపలికి వెళ్లాను.

"అమ్మా, ఈ సాయంత్రం మీరు ఎవరికైనా ఫోన్ చేశారా?"

నాగమల్లేశ్వరి గారు పాప మూతి తుడుస్తున్నారు. "ఎవరికి చేస్తానండీ? గూడెం గిరిధర్‌కి ఒక్కడికే. గురువారం పిల్ల జన్మనక్షత్రం కదా, లేబుళ్లు ముందే వేస్తారు, ప్రసాదం వట్లూరు వెళ్లిపోతే ఎలా అని... ఆ మృదుల పేరున ఉన్న కవరు మా ఇంటికి మార్చమని చెప్పాను. తనే ఎత్తాడు. అలాగేనమ్మా అన్నాడు." చెబుతూ చెబుతూ ఆవిడ చెయ్యి ఆగిపోయింది. "అయ్యో. నేనేనా చెప్పింది?"

అప్పుడు వినిపించింది నాకు ఆ మాట. ఏడేళ్ల పిల్ల. ఫైల్లో నక్షత్రం ఉంటుంది, వయసు ఉండదు. ఫణికిరణ్ ఒక్క ముక్క చెప్పలేదు. నేను చెప్పలేదు. శుక్రవారం ఆ యూనిట్లో అరగంట కూర్చున్న వంశీకృష్ణే గిరిధర్‌కి చెప్పి ఉండాలి, ఇంకో నంబరూ ఇచ్చి ఉండాలి. నేను పాత ఫైలు ఎక్కడెక్కడికి పోయిందా అని వెతుకుతున్నాను. గిరిధర్ అమ్ముతున్నది పాత ఫైలు కాదు. ఏ ఇంట్లో ఏ మార్పు జరిగినా అప్పటికప్పుడు చెబుతున్నాడు.

నాగదుర్గకి చెప్పాను. ఆవిడ గూడెం స్టేషనుకి చెప్పింది. పావుగంటలో జవాబు వచ్చింది. యూనిట్‌కి తాళం వేసి ఉంది. లోపల ప్రింటరు ఉంది, కంప్యూటరు లేదు. గిరిధర్ ఫోన్ పలకడం లేదు. నాలుగు వేల ఇళ్లు ఏ రోడ్డు మీద ఎటు పోతున్నాయో ఆ క్షణంలో ఎవరికీ తెలియదు.

నాగమల్లేశ్వరి గారు గోడకి ఆనుకుని కూర్చుండిపోయారు. నాగవల్లి వెళ్లి పక్కన కూర్చుని, వంకర తిరిగిన చేత్తోనే ఆవిడ చెయ్యి పట్టుకుంది. "మీరు నా బిడ్డకి ప్రసాదం తప్పిపోకూడదనుకున్నారు పిన్నిగారూ. నేనూ అదే కదా చేసింది."

తర్వాత ఆమె అర్చకులుగారి వైపు తిరిగింది. "గురువారం ఇక గోత్రం చెప్పుకోకూడదా అండీ?"

"చెప్పు తల్లీ. నా చెవిలో చెప్పు. రాయను. గుర్తుపెట్టుకుంటాను," అన్నారాయన. "నాలుగు వేలూ గుర్తుండవు. నీది ఉంటుంది."

పాప అప్పటికే చాప మీద నిద్రపోయింది. ఫణికిరణ్ అరుగు మీద బండి తాళాలు తిప్పుతూ కూర్చున్నాడు, తెల్లారేదాకా కదలనని. నేను చెప్పులు వేసుకుని మెట్లు దిగాను. వెనక శ్రీరంగనాయకులు గారు రెండు తలుపులూ దగ్గరకి చేర్చి, ఒక చెయ్యి కింద అడ్డం పెట్టి, చప్పుడు రానివ్వకుండా గడియ వేశారు.